స్నేహితులతో బట్టల స్వాప్ పార్టీ: తరచుగా అడిగే ప్రశ్నలు

బీరువా తలుపు తీస్తే బట్టలు మీద పడతాయి, కట్టుకుందామంటే ఒక్కటీ కనిపించదు. అలాంటివాళ్లు పదిమంది కలిసి, తమకు పనికిరానివి తెచ్చి, నచ్చినవి పట్టుకెళ్లడమే స్వాప్ పార్టీ. డబ్బు ప్రసక్తి లేదు. విజయవాడలో ఇళ్లలో చేద్దామనుకునేవాళ్లకు మళ్లీ మళ్లీ అవే అనుమానాలు వస్తున్నాయి కాబట్టి ఒకచోట రాసిపెట్టాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## అనుకునేటప్పుడు

ఎంతమందిని పిలవాలి? మేం ఆరుగురమే ఉన్నాం, సరిపోదా?

మనుషుల్ని కాదు, సైజుల్ని లెక్కపెట్టండి. ఆరుగురిలో ఒకరికి ఎస్, ఒకరికి డబుల్ ఎక్స్‌ఎల్ అయితే వాళ్లిద్దరూ వచ్చిన సంచితోనే వెనక్కి వెళ్తారు. ఒక్కో సైజుకు కనీసం ముగ్గురుండాలి. మామూలుగా పది నుంచి పన్నెండు మందైతే ఇది కుదురుతుంది. అందరూ చీరలే తెస్తామంటే ఆరుగురైనా చాలు, చీరకు సైజు బాధ లేదు. పదిహేను దాటితే మాత్రం రెండు పడగ్గదుల ఫ్లాటులో అద్దం దగ్గర తోపులాట తప్పదు.

ఏ నెలలో పెడితే బాగుంటుంది?

సంక్రాంతికి ముందు వారం అన్నిటికన్నా మేలు. ఇల్లు దులిపేటప్పుడు బీరువాలు ఎలాగూ ఖాళీ చేస్తారు. అప్పుడు స్వాప్ లేకపోతే సగం బట్టలు భోగి మంటలోకి పోతాయి. పాలిస్టర్ చీర కట్టెలా కాలదు, కరిగి నల్లటి పొగ కక్కుతుంది, వీధంతా దగ్గుతుంది. రెండో మంచి సమయం ఆషాఢం మొదట్లో. అప్పటికి మాఘం నుంచి జరిగిన పెళ్లిళ్లలో వచ్చిన చీరలు పోగుపడి ఉంటాయి. బీసెంట్ రోడ్డులో ఆషాఢం తగ్గింపు అమ్మకాలకు పరిగెత్తేముందే స్వాప్ అయిపోతే, కొనాల్సినవి ఏవో, ఊరికే ఆశపడుతున్నవి ఏవో తేలిపోతుంది.

ఏప్రిల్ చివరి నుంచి జూన్ మొదటి వారం దాకా వద్దు. బెజవాడ ఎండలో చీర కట్టి విప్పితే చాలు, చంకల దగ్గర, నడుం దగ్గర చెమట మరక పడుతుంది. నలుగురు కట్టి చూసిన పట్టు చీరను ఐదో మనిషి ముట్టుకోదు.

వారంలో ఏ రోజు? మా అత్తగారు మంగళవారం, శుక్రవారం ఇంట్లోంచి ఏదీ ఇవ్వనివ్వరు.

చాలా ఇళ్లలో అదే పట్టింపు. వాదించి గెలిచినా ఆ సంచి మీ ఇంటి గుమ్మం దాటదు. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి మొదలుపెట్టి ఆరుకల్లా ముగించండి. ఆ రోజు అమావాస్య కాకుండా క్యాలెండరు ఒకసారి చూసుకోండి. పగలు పెట్టడానికి ఇంకో కారణం వెలుతురు. పసుపు రంగు బల్బు కింద నేవీ బ్లూ నలుపులా, క్రీము తెలుపులా కనిపిస్తాయి. మర్నాడు ఇంట్లో కిటికీ దగ్గర చూసుకుని ‘ఇదేంటి, ఈ రంగు కాదే’ అనుకునేవాళ్లు ఎక్కువ.

పిలుపు మెసేజ్‌లో ఏం రాయాలి? గట్టిగా రాస్తే బాగోదేమో.

మొహమాటపడి రాయకుండా వదిలేసిన నిబంధన దగ్గరే ఆ రోజు గొడవవుతుంది. ఇలా రాయండి:

‘అక్కలకి, వదినలకి, అందరికీ: వచ్చే ఆదివారం మూడింటికి మా ఇంట్లో బట్టల స్వాప్. ఒక్కొక్కరు ఆరు తెండి, ఎనిమిది దాటొద్దు. ఉతికి, ఇస్త్రీ చేసినవే. మరక, చిరుగు ఉంటే ఇంట్లోనే వదిలేయండి. సంచి శనివారం సాయంత్రం ఏడులోపు మా ఇంటికి చేరాలి, టోకెన్లు అప్పుడే ఇస్తాను. ఇచ్చాక తిరిగి అడగడం లేదు. పట్టు చీర తెచ్చేవాళ్లు ముందు ఒక మెసేజ్ పెట్టండి.’

టోకెన్లంటే మీరు తెచ్చిన బట్టలకు బదులు ఇచ్చే అట్టముక్కలు, వాటితోనే ఆ రోజు నచ్చినవి తీసుకుంటారు. సంచి ముందురోజే కావాలనడం ఊరికే కాదు. ఒక్కో బట్ట తిప్పి చూసి, టోకెను రాయడానికి రెండు నిమిషాలు పడుతుంది. అరవై బట్టలంటే రెండు గంటలు. అందరూ కూర్చున్నాక అది మొదలుపెడితే పార్టీ అక్కడే చచ్చిపోతుంది.

## ఏరేటప్పుడు

ఏవి తేవచ్చు, ఏవి తేకూడదు?

ఒకే పరీక్ష: ఈ బట్ట మీ స్నేహితురాలు రేపు మీ ఎదురుగా వేసుకొస్తే మీకు సిగ్గనిపిస్తుందా? అనిపిస్తే తేవద్దు. లోదుస్తులు, వాడిన లంగాలు, వాడిన నైటీలు పూర్తిగా వద్దు. లెగ్గింగులు కొత్తవైతేనే తీసుకోండి. మోకాళ్ల దగ్గర లాగి వదిలితే వెనక్కి రాకుండా తెల్లగా మెరుస్తుంటే దాంట్లో సాగే నూలు చచ్చిపోయినట్టే.

బాగా చేతులు మారేవి: చుడీదార్ సెట్లు, కుట్టించని డ్రెస్ మెటీరియల్, మంగళగిరి కాటన్లు, చున్నీలు, హ్యాండ్‌బ్యాగులు, వన్ గ్రామ్ నగలు. అసలు కదలనివి: చమ్కీ రాలిపోతున్న ఫ్యాన్సీ చీరలు, పేరు అచ్చేసిన కాలేజీ టీషర్టులు. భవానీ దీక్షకు కట్టిన ఎర్ర బట్టలను విడిగా ఒక పక్కన పెట్టండి. వచ్చే దసరాకు దీక్ష తీసుకునేవాళ్లే వాటిని అడుగుతారు, మిగతావాళ్లు పట్టుకోవడానికి జంకుతారు.

పెట్టుబడి చీరలు, అంటే ఫంక్షన్లలో వాళ్లూ వీళ్లూ పెట్టినవి, తేవచ్చా? పెట్టినావిడే పార్టీకి వస్తే ఎలా?

తేవచ్చు, అసలు స్వాప్‌కు ప్రాణం అవే. ఫాల్ కూడా కుట్టని కొత్త చీరలు ఏ ఇంట్లోనైనా ఐదారుంటాయి. చిక్కల్లా మీరన్నదే. సంచిలో పెట్టేముందు ‘ఎవరు పెట్టారు, ఏ ఫంక్షన్లో’ అన్నది గుర్తుచేసుకోండి. గుర్తు రాకపోతే మడతలు విప్పి చూడండి, పసుపు కుంకుమల పొట్లమో, పేరు రాసిన కవరో చాలాసార్లు లోపలే ఉంటుంది. ఆ కవరుతోనే చీర స్వాప్‌కు వెళ్తే ఇక చెప్పక్కర్లేదు. పెట్టినవాళ్ల దగ్గరి చుట్టాలు పిలుపుల జాబితాలో ఉంటే ఆ చీర ఈసారికి వద్దు.

అత్తగారు, తోడికోడళ్లు పెట్టినవైతే ఒక మాట అడిగే తేవాలి.

మా అమ్మ ఒకరు కట్టి విడిచినవి కట్టుకోకూడదంటుంది. నేను రావచ్చా?

రావచ్చు. ‘ఒక్కసారి కూడా కట్టనివి’ అని విడిగా ఒక వరస పెట్టమని పార్టీ పెట్టేవాళ్లకు ముందే చెప్పండి. కొత్త చీరలు, జాకెట్టు ముక్కలు, డ్రెస్ మెటీరియల్, లేబుల్ తీయని కుర్తీలు అందులోకి వస్తాయి. ఆ వరసలో ఎప్పుడూ సరుకుకు కొదవుండదు. ఉతికిన వాటిపైనా మనసొప్పనివాళ్లు పసుపు నీళ్లు చిలకరిస్తుంటారు. లేత రంగు బట్టల మీద ఆ పని చేయకండి, మచ్చ పడుతుంది. ఇప్పటికే పడి ఉంటే సబ్బుతో ఉతికి ఎండలో ఆరేయండి, పసుపు రంగు ఎండకు విరుగుతుంది.

పాత పట్టు చీర పైకి బాగానే ఉంది. కట్టగానే చిరగదని నమ్మకమేంటి?

పట్టు ముందు మడత దగ్గరే పోతుంది. ఏళ్లతరబడి ఒకే మడతలో ఉన్న చీరను పూర్తిగా విప్పి, వెలుతురుకు అడ్డంగా పట్టుకోండి. మడత గీత పొడవునా సన్నటి వెలుగు చుక్కలు కనిపిస్తే దారాలు తెగడం మొదలైంది. తర్వాత మడతకు అటూ ఇటూ నాలుగంగుళాల దూరంలో రెండు చేతుల్తో పట్టుకుని మెల్లగా లాగండి. బాగున్న పట్టు బిగుసుకుని నిలుస్తుంది. పోయినది చిన్న చిటపట శబ్దం చేస్తుంది. ఆ శబ్దం వినిపిస్తే అక్కడితో ఆపేయండి. దాన్ని చీరగా ఇవ్వకూడదు. అంచూ కొంగూ బాగుంటే పిల్లల పట్టు లంగాకు పనికొస్తుందని చెప్పి ఇవ్వండి.

జరీ నల్లబడితే భయం లేదు. వెండి కలిసిన జరీ గాలికి నల్లబడటం సహజం. పొడవు కూడా కొలవండి: జాకెట్టు ముక్క కత్తిరించాక ఐదున్నర మీటర్లు, అంటే ఆరు గజాలు, ఉండాలి. ఐదు మీటర్లే ఉంటే కాస్త ఒళ్లున్నవాళ్లకు కుచ్చిళ్లు మూడే వస్తాయి. అది పట్టో కాదో అని వాదన వస్తే సిల్క్ మార్క్ చీటీ చూడండి. అది లేకపోతే కొంగు చివర కుచ్చులోంచి ఒక పోగు లాగి కాల్చండి. వెంట్రుక కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ల మధ్య నలిగితే పట్టు. కరిగి గట్టి పూసలా ముద్దకడితే పాలిస్టర్.

జాకెట్టు కూడా చీరతోపాటే ఇచ్చేయాలా? నా కొలత వాళ్లకు సరిపోదుగా.

ఇచ్చేయండి, మీ దగ్గరుండి చేసేదీ లేదు. సరిపోతుందా లేదా అన్నది తిరగేసి చూస్తే తెలుస్తుంది. పక్క కుట్టు లోపల అంగుళం బట్ట వదిలి ఉంటే, రెండు పక్కలా కలిపి రెండంగుళాల దాకా వదులు చేయించుకోవచ్చు. లోపల బట్ట కత్తిరించేసి ఓవర్‌లాక్ చేసి ఉంటే ఆశ వదులుకోవాలి. ఇంకో సంగతి చాలామందికి తట్టదు. పట్టు జాకెట్టు కుట్టు విప్పితే పాత సూది రంధ్రాలు వరసగా కనిపిస్తాయి, లోపలున్న బట్ట బయటిదానికన్నా ముదురు రంగులో గీతలా తేలుతుంది. చెయ్యి కింద పడుతుంది కాబట్టి పైట కట్టుకునేవాళ్లకు ఇబ్బంది లేదు. బిగించాల్సి వస్తే ఈ గొడవే లేదు. చీర, జాకెట్టు కలిపి ఒక్క బట్ట కిందే లెక్క.

పిల్లల బట్టలు కలపవచ్చా?

విడిగా పెట్టండి, వయసు రాయకండి. ‘ఐదేళ్లు’ అంటే ఒక్కో కంపెనీకి ఒక్కో కొలత. భుజం నుంచి కింది అంచు దాకా అంగుళాల్లో కొలిచి చీటీ పిన్ను పెట్టండి. ఓణీల ఫంక్షన్‌కు ఒక్కరోజు వేసిన లంగా ఓణీలు, పుట్టినరోజు గౌన్లు అన్నిటికన్నా ముందు అయిపోతాయి.

నెలల పిల్లల బట్టలు కలరా ఉండలు వేసి దాచినవైతే తీసుకోకండి. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న పసికందులకు ఆ ఉండల్లోని నాఫ్తలీన్ వల్ల ఎర్ర రక్తకణాలు విరిగి, కామెర్లు ముదిరే ప్రమాదం ఉంది. ఆ లోపం ఉందో లేదో చూస్తే తెలిసేది కాదు.

వరదలో తడిసిన బీరువాలోని చీరలు ఉతికించి తేవచ్చా?

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లు మునిగినప్పుడు తడిసిన చీరలు ఇప్పటికీ కొందరి దగ్గర మూటల్లో ఉన్నాయి. కాటన్, పాలిస్టర్ అయితే ఉతికాక వాసన లేకుంటే తేవచ్చు. పట్టుకు మాత్రం రెండు పరీక్షలు. నల్లటి బూజు చుక్కలున్నాయేమో చూడండి. అవి పోగుల్లోకి దిగితే పోవు, పోగొట్టే మందు పట్టునే తినేస్తుంది. తర్వాత తడి తెల్ల రుమాలుతో అంచు మీద పదిసార్లు రుద్దండి. రుమాలుకు రంగంటితే ఆ చీర అంచు రంగు మళ్లీ ఎప్పుడో ఒకప్పుడు చీరలోకి దిగుతుంది.

పోయినవాళ్ల చీరలు పెట్టవచ్చా?

చెప్పకుండా పెట్టొద్దు. తర్వాత తెలిస్తే స్నేహమే చెడుతుంది. ముందు ఇంట్లోవాళ్లను, పోయినవాళ్లను ప్రేమించినవాళ్లను కావాలేమో అడగండి. ఆ తర్వాత మిగిలినవి బొంత కుట్టించుకోవడమో, అవసరం ఉన్నవాళ్లకు చెప్పి ఇవ్వడమో మర్యాద.

## శుభ్రం చేసేటప్పుడు

కలరా ఉండల వాసన ఎంతకీ పోవడం లేదు.

విప్పి, నీడలో, గాలి ఆడేచోట రెండు మూడు రోజులు దండెం మీద వేయండి. కాటన్లను ఎండలోనే వేయొచ్చు, పట్టును వద్దు, రంగు పోతుంది. వాసన పోకముందే ఇస్త్రీ పెడితే వేడికి గది నిండా గుప్పుమంటుంది. సెంటు కొట్టి కప్పేయడం ఇంకా ఘోరం.

అన్నీ డ్రైవాష్ చేయించాలా? ఖర్చు ఎక్కువ కదా.

అక్కర్లేదు. పట్టు, వర్కు చీరలకే. ఒక్కసారి కట్టి, మరక లేకుండా ఆరేసి మడత పెట్టిన పట్టు చీరకు అదీ అవసరం లేదు. కాటన్ చీరకు గంజి పెట్టి రోలింగ్ చేయిస్తే కొత్తదానిలా కనిపిస్తుంది. పిన్నీసులు మాత్రం అన్నీ తీసేయండి. నెలల తరబడి ఉంటే తుప్పు మరక పడుతుంది, అది ఏ సబ్బుకూ పోదు.

నల్లులు వస్తాయేమోనని భయం. ఏం చేయాలి?

భయం సబబే. సంచులు పడగ్గదిలోకి రానివ్వకండి, బాల్కనీలో విప్పండి. కుట్ల వెంట, కాలరు మడతలో చిన్న చిన్న నల్లటి చుక్కలు కనిపిస్తే ఆ సంచి మొత్తం అక్కడే మూతి కట్టి వెనక్కి. ఇంటికి తెచ్చుకున్న కాటన్లను మిషన్లో 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతికితే నల్లి, గుడ్డు రెండూ చస్తాయి. ఇంట్లో నల్లులున్నవాళ్లు ఈసారికి మానుకోవడమే మంచిది.

## టోకెన్ల దగ్గర

ఒకటి ఇచ్చి ఒకటి తీసుకోవడం అంటే సరిపోదా? ఈ టోకెన్లెందుకు?

అందరూ కుర్తీలే తెస్తే సరిపోతుంది. ఒకరు రెండు టీషర్టులు ఇచ్చి పట్టు చీర ఎత్తుకుపోతే రెండోసారి పట్టు చీర ఎవరూ తేరు. మూడు రకాలు చాలు: రోజువారీ బట్టకు ఒక టోకెను, ఫ్యాన్సీకి, మంగళగిరి, వెంకటగిరి కాటన్లకు రెండు, పట్టుకు, లెహంగాకు నాలుగు. అట్టముక్క మీద సంతకం పెట్టి ఇవ్వండి.

కొన్న ధర లెక్కలోకి రానివ్వొద్దు. ‘నేను ఎనిమిది వేలు పెట్టాను’ అన్న మాట మొదలైతే ఆగదు. ‘ఇప్పుడున్న స్థితిలో దీన్ని ఎంతమంది కావాలంటారు’ అన్నదే కొలమానం. టోకెన్లు నిర్ణయించే మనిషి తన బట్టలు అందులో పెట్టకపోతే తగువుండదు. పట్టు ఇచ్చినవాళ్లకు ఒక వెసులుబాటు ఇవ్వండి: చివరిదాకా తమకు నచ్చిన పట్టు చీర దొరక్కపోతే, తమ చీర ఎవరూ ఎంచుకోనట్లయితే తిరిగి తీసుకుపోవచ్చు. ఇది లేకుంటే మంచి చీరలు బీరువాలోనే ఉండిపోతాయి.

ముందు ఎవరు తీసుకోవాలి? ఒకే చీర ఇద్దరికి నచ్చితే?

చీటీలు తీసి వరస పెట్టండి. మొదటి విడతలో ఒక్కొక్కరు రెండే. రెండో విడతకు వరస తిరగేయండి, చివరివాళ్లు ముందొస్తారు. మూడో విడత నుంచి ఎవరిష్టం వారిది. విడతకు ఇరవై నిమిషాలు. ఇద్దరూ ఒకే చీర పట్టుకుంటే ఇద్దరూ కట్టి చూడాలి, ఎవరికి బాగుందో మిగతావాళ్లు చెప్పాలి అనే పద్ధతి పెట్టకండి. ఒకరి మొహం చిన్నబోతుంది. చీటీ వేసేయండి. ‘నువ్వు తీసుకోవే’, ‘వద్దులే వదినా, నువ్వే’ అనే మొహమాటాల్లో అరగంట పోతుంది, చివరికి ఇద్దరూ వదిలేసిన చీర మూడో ఆవిడ పట్టుకెళ్తుంది.

## ఆ రోజు

హాల్లో ఎలా సర్దాలి? స్టాండ్లు అద్దెకు తేవాలా?

చీరలకు స్టాండు పనిలేదు. వన్‌టౌన్ వస్త్రలత బట్టల మార్కెట్లో కొట్టువాళ్లు పరిచినట్టు జంపఖానా మీద దుప్పటి వేసి, మెట్లు మెట్లుగా పరచండి. ప్రతి చీరకూ అంచు, కొంగు పైకి కనిపించాలి. ఒకదాని మీద ఒకటి నాలుగు దాటితే అడుగున ఉన్నది ఎవరి కంటా పడదు. కుర్తీలకు నైలాన్ తాడు కడితే బరువుకు మధ్యలో వంగి హ్యాంగర్లన్నీ అక్కడికే జారతాయి. హ్యాంగరుకూ హ్యాంగరుకూ మధ్య ఒక క్లిప్పు పెడితే ఆగుతాయి. బాగా బిగించిన కర్టెన్ రాడ్డు అంతకన్నా మేలు, మీటరుకు ఇరవై దాకా పడతాయి. చిన్న చీటీ మీద సైజు, టోకెను రాసి వేలాడదీయండి.

పడగ్గదిలో బీరువా అద్దం ఉంటే ట్రయల్ రూమ్ అదే. ఫోన్లన్నీ హాల్లోనే ఒక బుట్టలో ఉండాలి, ఈ ఒక్క విషయంలో ఎవరికీ మినహాయింపు వద్దు. చీర మొత్తం కట్టక్కర్లేదు, వేసుకున్న చుడీదార్ మీదే కుచ్చిళ్లు దోపి, పైట వేస్తే తెలిసిపోతుంది.

తినడానికి ఏం పెట్టాలి?

బట్టలున్న గదిలో ఏమీ వద్దు, మంచినీళ్లు తప్ప. పునుగులు, మిరపకాయ బజ్జీ లేకుండా బెజవాడలో నలుగురు కూర్చోరు, నిజమే. కానీ అల్లం చట్నీ చేత్తో లక్నో కుర్తీ పట్టుకుంటే అయిపోయింది. బట్టలు సంచుల్లోకి వెళ్లాకే ప్లేట్లు బయటికి రావాలి. మధ్యలో కావాలంటే మరమరాలు. మజ్జిగ గ్లాసులు బాల్కనీలో.

కరెంటు పోతే?

ఇన్వర్టరుకు ఏసీ నడవదు, ఫ్యాన్లు, లైట్లే. చెమట పట్టకముందే ట్రయల్స్ ఆపి, ఆ సమయంలో టోకెన్లు లెక్క చూసుకోండి.

## అయ్యాక

ఇంటికెళ్లాక ‘ఆ చీర మా ఆయన కొన్నది, తిరిగిచ్చేయవా’ అని అడుగుతోంది. ఏం చేయాలి?

నిబంధన ప్రకారం ఇవ్వక్కర్లేదు. కానీ మరుసటి రోజు సాయంత్రం లోపు అడిగితే, అప్పటికి కట్టి ఉండకపోతే, ఇచ్చేయడం హాయి. బదులుగా ఆవిడ తీసుకున్న వాటిలో ఒకటి మీరు ఎంచుకోండి. జాకెట్టు విప్పి కుట్టించేశాక అడిగితే మాత్రం మొహమాటపడకండి. కట్టుకుని ఫోటో పెట్టేముందు ఇచ్చినావిడకు ఒక మాట చెబితే ఇలాంటివి సగం తగ్గుతాయి.

మిగిలిన బట్టలు ఏం చేయాలి? అన్నీ మా ఇంట్లోనే ఉండిపోయాయి.

మిగిలింది ఎవరిది వాళ్లే ఆరోజే పట్టుకెళ్లాలి. ‘తర్వాత తీసుకెళ్తాలే’ అన్న సంచి ఏడాదైనా కదలదు. తెచ్చినవాళ్లూ వద్దని వదిలేసినవి అరవైలో పదిహేను దాకా ఉంటాయనుకుని ముందే దారి చూసుకోండి. ఆశ్రమాలకు ఇవ్వాలంటే ఫోన్ చేసి ఏం కావాలో అడగండి. వాళ్లకు ఎక్కువగా కావాల్సింది దుప్పట్లు, పంచెలు, పిల్లల బట్టలు. ఫ్యాన్సీ చీరల మూట వాళ్లకు బరువే. మెత్తబడ్డ కాటన్ చీరలు బొంతలకు బంగారం, నాలుగు చీరలతో ఒక బొంత అవుతుంది. పాత బట్టలకు స్టీలు సామాన్లిచ్చేవాళ్లు వీధిలోకొస్తే వాళ్లు ముందు జరీ చీరలే అడుగుతారు. గిన్నె చూసి మురిసిపోకుండా, అసలు జరీ ఉన్న చీర ఇచ్చేముందు దాని వెండికి ఎంతొస్తుందో పట్టు చీరలు కొనేవాళ్ల దగ్గర కనుక్కోండి.

చిరిగినవి, మరకలున్నవి చెత్తలో వేయడమేనా?

కాటనైతే కాదు. ఆటోనగర్ మెకానిక్ షెడ్లలో నూనె తుడవడానికి పాత గుడ్డలు రోజూ కావాలి. బనియన్లు, కాటన్ నైటీలు, లుంగీలు బాగా పనికొస్తాయి. పాలిస్టర్ కాటన్‌లా పీల్చదు కాబట్టి వాళ్లు తీసుకోరు. అడుగు చదరం ముక్కలుగా కోసి, హుక్కులు, జిప్పులు, గుండీలు తీసేసి ఇవ్వండి. తుడిచేటప్పుడు ఒక్క హుక్కు మిగిలినా కొత్తగా పెయింటు వేసిన బండి మీద గీత పడుతుంది.